స్నో బ్లోయర్‌కి లైటు పెట్టే ముందు

చిరంజీవి అల్లుడికి,

విజయనగరం నుంచి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. డిసెంబర్‌లో మీ మిన్నెసోటాలో సాయంత్రం ఐదు కాకుండానే చీకటి పడుతుందని, ఆఫీసు నుంచి వచ్చాక మంచు తీయడానికి ఆ పాత బల్బు వెలుగు చాలట్లేదని చెప్పావు. ఎల్‌ఈడీ పెట్టుకోవడం మంచిదే. మంచు తీసే మెషిన్ మా షాపుకి రాదు గానీ, పాలకొండ, రాజాం రైతులు తెచ్చే పవర్ టిల్లర్లకి లైట్లు పెట్టిన అనుభవంతో చెబుతున్నాను, శ్రద్ధగా విను.

ఏదీ కొనకముందు లైటుకి కరెంటు ఇచ్చే కాయిల్ సంగతి తేల్చు. ఫ్లైవీల్ (ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రం) దగ్గరున్న ఆ కాయిల్ నుంచి వచ్చేది బ్యాటరీ కరెంటు లాంటిది కాదు, అటూ ఇటూ దిశ మారుతూ ఉండే ఏసీ. రేస్ పెంచితే వోల్టేజీ పెరుగుతుంది. పాత బల్బు తీసేసి ఆ రెండు వైర్ల మధ్య మీటర్ పెట్టి చూస్తే 12 కంటే బాగా ఎక్కువ చూపించవచ్చు. అందుకే 10 నుంచి 30 వోల్టుల దాకా తట్టుకునే లైటే తీసుకో. కాయిల్ ఎన్ని వాట్లదో ఇంజను పుస్తకంలో చూడు. 18 వాట్లదైతే ఒకటిన్నర ఆంపియర్ మాత్రమే ఇస్తుంది. దాని మీద లైటు ఒక్కటే పెట్టు, హ్యాండిల్‌కి వేడి గ్రిప్పుల ఆశ వదులుకో. 60 వాట్లదైతే రెండూ ఆలోచించవచ్చు.

ఎల్‌ఈడీ మిణుకుమనకుండా వెలగాలంటే మధ్యలో ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్, దాని తర్వాత ఆ కరెంటుని నిలకడగా ఉంచే 50 వోల్టుల కెపాసిటర్ ఉండాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఇంజను ఆపి, కాయిల్ వైర్లు విడదీసి, ఒక్కొక్క వైరుకీ ఇంజను బాడీకీ మధ్య మీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి చూడు. బీప్ వచ్చిందంటే కాయిల్ ఒక కొస బాడీకే ఎర్త్ అయి ఉందన్నమాట. అలాంటప్పుడు రెక్టిఫయర్ నెగెటివ్‌ని బాడీకి కలపకూడదు. కలిపితే రెక్టిఫయర్ లోపలున్న ఒక డయోడ్ ద్వారా కాయిల్ షార్ట్ అవుతుంది. ప్లస్, మైనస్ రెండు వైర్లూ లైటు దాకా విడిగా లాగు. లైటు బయటి డబ్బా లోపల మైనస్ వైరుకి కలిసి ఉంటే, అది బాడీకి తగలకుండా కింద రబ్బరు వాషర్లు, బోల్టుకి ప్లాస్టిక్ బుష్ వేసి బిగించు.

ఫ్యూజు మర్చిపోకు, ఒక్క లైటుకి 3 ఆంపియర్లది చాలు. మామూలు పీవీసీ వైరు మీ చలికి బిర్రబిగిసి పగులుతుంది, చలి తట్టుకునే వైరే కొను. సైలెన్సర్‌కి దూరంగా లాగు. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు అదురుకి వదులైపోతాయి. వైరు కొసకి లగ్గు నొక్కి, పైన హీట్ ష్రింక్ (వేడి తగిలితే బిగుసుకునే గొట్టం) తొడుగు.

స్టార్టర్‌ని బ్యాటరీతో తిప్పుదామన్న నీ ఆలోచన మాత్రం నాకు నచ్చలేదు. గోడ ప్లగ్గుకి పెట్టే 120 వోల్టుల స్టార్టర్ 12 వోల్టుల బ్యాటరీతో తిరగదు. దాని జోలికి వెళ్లకు. మూడో పిన్ను విరిచి రెండు పిన్నుల సాకెట్లో పెట్టే పని అసలే వద్దు.

హ్యాండిల్ వదిలితే బ్లేడు ఆగే లివర్ ఉంటుంది చూడు, దాన్ని తాడుతో కట్టేయడం, దాని స్విచ్ వైర్లు కలిపేయడం ఎవరు చెప్పినా చేయకు నాన్నా. మంచు ఇరుక్కుంటే ఇంజను ఆపాక కూడా చెయ్యి పెట్టకు. బెల్టు బిగువు లోపలే ఉండిపోతుంది, ఇరుక్కున్నది వదలగానే మంచు విసిరే ఫ్యాను గిర్రున తిరుగుతుంది. కర్రతోనే తియ్యి. వైరింగు పని మొదలెట్టే ముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకెయ్యి. లైటు పరీక్షకి ఇంజను వేసేటప్పుడు మెషిన్‌ని గరాజ్ బయటికి తోసుకుపో. తలుపు తెరిచి ఉంది కదా అని లోపల నడపకు, ఆ పొగ ప్రాణాంతకం.

ఇంజను మీదున్న మోడల్ నంబరు, రేస్ పూర్తిగా ఉన్నప్పటి మీటర్ రీడింగు, బీప్ ఏ వైరుకి వచ్చిందీ ఫొటో తీసి పంపు. ఏ రెక్టిఫయర్ సరిపోతుందో చూసి చెబుతాను. రీడింగు తీసుకున్నాక పాత బల్బు మళ్లీ పెట్టెయ్యి, అప్పటిదాకా అదే వాడు.

మామయ్య