పాప నా పెదాలవైపే చూస్తోంది, చెవులు వినపడవా?

ఎనిమిది నెలల పాప, మీరు మాట్లాడుతుంటే కళ్లలోకి కాకుండా పెదాలవైపే చూస్తోంది, వినపడదేమోనని భయంగా ఉందని అడిగారు. ఆ ఒక్కదానికే భయపడకండి. నాలుగు నెలలప్పుడు కళ్లను చూసే పిల్లలు ఎనిమిది నెలలకి నోటివైపు మళ్లుతారని పరిశోధకులు ల్యూకోవిచ్, హాన్సెన్-టిఫ్ట్ 2012లో చూపించారు. "తాత, అత్త" అంటూ పలకడం మొదలయ్యే వయసు కదా, ఏ శబ్దానికి నోరు ఎలా కదులుతుందో అప్పుడే పట్టుకుంటారు.

మా పెద్దదాని విషయంలో నేను పొరపడింది వేరేచోట. ఎదురుగా కూర్చుని "పాలు కావాలా?" అంటే నవ్వేది, చేతులు చాచేది. వినపడుతోందనే అనుకున్నాం. ఒకరోజు వెనకనుంచి నాలుగుసార్లు పిలిచాను, తల తిప్పలేదు. ముందుకొచ్చి నిలబడగానే నవ్వింది. నా ముఖం, చేతిలో గ్లాసు చూసి అర్థం చేసుకుంటోందన్నమాట. బెరా పరీక్ష (శబ్దానికి మెదడు స్పందిస్తోందా అని చూసే వినికిడి పరీక్ష) చేయించేసరికి ఏడాదిన్నర నిండిపోయింది. పోయిన ఆ నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

హియరింగ్ ఎయిడ్స్ పెట్టాక రోజూ అద్దం ముందు ఒళ్లో కూర్చోబెట్టుకుని పాట, బాట, మాట అనేదాన్ని. గొంతు రాకుండా మీరూ అని చూడండి, మూడింటికీ పెదాలు ఒకేలా మూసుకుంటాయి. తేడా చెప్పాల్సింది చెవే. "మ" దగ్గర దాని వేలు నా ముక్కు పక్కన ఆనించేదాన్ని, అదురు తెలియడానికి. "మీరు, నీరు" అయితే ఇంకోలా. ఫ్యాన్ హోరులో రెండూ ఒకేలా వినిపిస్తాయి, పెదాలు చూస్తే ఇట్టే తెలిసిపోతాయి. కొన్నిరోజులు మాత్రం పక్కన కూర్చుని మాట్లాడమనేవారు థెరపిస్టు, చూపుమీదే ఆధారపడిపోకుండా.

చూసేది, వినేది ఈ రెండూ కలవడానికి ఏళ్లు పడుతుంది. 1976లో పరిశోధకులు మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ "బా" శబ్దానికి "గా" అంటున్న ముఖాన్ని జోడించి చూపిస్తే, పెద్దవాళ్లలో దాదాపు అందరికీ "డా" అని వినపడింది. చిన్నపిల్లల్లో అలా విన్నవాళ్లు పెద్దవాళ్లకన్నా తక్కువ. అందుకే మా పాప ఆలస్యమవుతుంటే తొందరపెట్టలేదు.

మీరు ఈరోజే, పాప ఆటలో ఉన్నప్పుడు, మీ నీడ కూడా పడకుండా వెనకనుంచి మామూలు గొంతుతో పిలవండి. ఒకటికి రెండుసార్లు, వేరువేరు పూటల్లో. తిరగకపోతే వెంటనే ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) దగ్గరికి తీసుకెళ్లండి. తిరిగినా మీ మనసులో అనుమానం ఉంటే పరీక్ష చేయించేయండి. "మాటలు నిదానంగా వస్తాయిలే" అని పెద్దవాళ్లు అంటే ఆగిపోకండి, నేను ఆగాను.