డాక్టర్ సలహా: మౌస్‌కి 12 బటన్లు, బొటనవేలికి ఒకటే నొప్పి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. తెనాలిలో ఇంట్లోనే కూర్చుని పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంటాను. సీజన్‌లో రోజుకి పది గంటలు ఫొటోషాప్ మీదే ఉంటాను. షార్ట్‌కట్లన్నీ మౌస్‌లోనే పెట్టుకుంటే పని తొందరగా అవుతుందని స్నేహితుడు చెబితే రెండు నెలల కిందట పక్కన 12 బటన్లున్న గేమింగ్ మౌస్ కొన్నాను. స్పీడ్ పెరిగిన మాట నిజమే. కానీ మూడు వారాలుగా కుడిచేతి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన ఒకటే నొప్పి. సీసా మూత తిప్పలేకపోతున్నాను. బండి తాళం తిప్పినా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఏడు నెలల పాపని ఎత్తుకోవాలన్నా భయమేస్తోంది. తిమ్మిర్లు లేవు, షుగర్ లేదు. ఇది కార్పల్ టన్నెల్ సమస్యేనా? ఏ మౌస్ కొంటే చేతికి హాయిగా ఉంటుంది? బటన్లు లేకుండా మాత్రం నాకు పని జరగదు.
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: మీరు మౌస్ గురించి ఎంతో వివరంగా రాశారు గానీ, నా కళ్లు ఆగింది పాప గురించి రాసిన ఆ ఒక్క వాక్యం దగ్గర. అక్కడికి వస్తాను. ముందు కార్పల్ టన్నెల్ సంగతి తేల్చేద్దాం.

మీరు చెప్పినదాన్ని బట్టి అది కాదనే అనిపిస్తోంది. కార్పల్ టన్నెల్ అంటే మణికట్టు మధ్యలో ఉండే ఇరుకు దారి, అందులో నలిగేది నరం. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి, సూదులతో గుచ్చినట్టుంటుంది, అర్ధరాత్రి నిద్రలోంచి లేపేస్తుంది, లేచి చెయ్యి విదిలిస్తే కాస్త తగ్గుతుంది. మీకు తిమ్మిరే లేదంటున్నారు, నొప్పి ఉన్న చోటు కూడా వేరు. కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్లకి చెయ్యి నొప్పి పుడితే చాలు, ఇంటర్నెట్‌లో చదువుకుని కార్పల్ టన్నెల్ అని పేరు కూడా పెట్టేసుకునే క్లినిక్‌కి వస్తున్నారు, వాళ్లలో చాలామందికి ఉన్నది ఇంకొకటి.

మీకున్నది డీ కెర్వైన్ అనే సమస్యలా ఉంది. ఫ్రిట్జ్ డీ కెర్వైన్ అని స్విట్జర్లాండ్ సర్జన్, 1895లో దీని గురించి రాశాడు, అప్పటికి మౌసూ లేదు, ఫొటోషాపూ లేదు. బొటనవేలిని పైకి లేపడానికి, పక్కకి చాపడానికి రెండు టెండన్లు ఉంటాయి. మనవాళ్లు వీటిని కూడా నరాలే అంటారు, ‘నరం పట్టేసింది’ అంటారు, కానీ ఇవి నరాలు కావు, కండరాన్ని ఎముకకి కట్టే తాళ్లు. మణికట్టు పక్కన ఇవి ఒక ఇరుకు గొట్టంలోంచి వెళ్తాయి. పైజామా నాడా ఉంటుంది చూడండి, పట్టీలోంచి సాఫీగా జరగాలి. పట్టీ దళసరెక్కి నాడా కూడా ఉబ్బితే ఏమవుతుంది? లాగిన ప్రతిసారీ ఒరుసుకుంటుంది. మీ చేతిలో జరుగుతున్నది అదే.

ఇంట్లోనే ఒకసారి చూసుకోవచ్చు. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మిగతా నాలుగు వేళ్లతో మూసి పిడికిలి పట్టండి, ఆ పిడికిలిని చిటికెన వేలి వైపు మెల్లిగా వంచండి. మామూలు చేతికి కూడా అక్కడ కొంచెం లాగినట్టే ఉంటుంది కాబట్టి ముందు ఎడమ చేత్తో చేసి, తర్వాత కుడి చేత్తో చేయండి. కుడి వైపు ప్రాణం పోయినట్టుంటే దాదాపు ఖాయమనుకోవచ్చు. ఒక్కసారి చాలు, తగ్గిందా లేదా అని రోజూ వంచి చూసుకునేవాళ్లున్నారు, ఆ పరీక్షే నొప్పిని పెంచుతుంది. ఈ మధ్య బండి మీంచి గానీ బాత్రూంలో గానీ జారి ఆ చెయ్యి ఆనించి పడి ఉంటే మాత్రం నేను చెప్పినదంతా పక్కన పెట్టి ముందు ఎక్స్‌రే తీయించండి, బొటనవేలి మొదట్లో ఉండే చిన్న ఎముక విరిగినా నొప్పి ఇంచుమించు అదే చోట వస్తుంది.

ఇక పాప సంగతి. ఈ నొప్పి బాలింతల్లో, చంటిపిల్లల తల్లుల్లో ఎక్కువగా చూస్తాం. బిడ్డ చంకల కింద రెండు చేతులూ పెట్టి, బొటనవేళ్లు పైకి చాపి ఎత్తుతాం కదా, ఆ ఏడెనిమిది కిలోలూ ఆ రెండు తాళ్ల మీదే వేలాడతాయి. ఎత్తుకునే నాన్నలకేం మినహాయింపు లేదు. పగలు పది గంటలు మౌస్, మధ్యలో పాప, రాత్రి పడుకుని బొటనవేలితో ఫోన్ పైకి తోసుకుంటూ రీల్స్... మీ బొటనవేలికి సెలవు ఎప్పుడు? పాపని ఎత్తుకోవద్దని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. ఎత్తే పద్ధతి మార్చండి. బొటనవేలు చాపకుండా మిగతా వేళ్ల పక్కనే ఆనించి, ఒక అరచెయ్యి పిరుదుల కిందికి, ఇంకోటి వీపు కిందికి పోనిచ్చి, చేటలోకి తీసుకున్నట్టు తీసుకోండి. బరువు మోచేతుల మీద పడాలి, మణికట్టు మీద కాదు.

ఇప్పుడు మౌస్. 12 బటన్లున్నవి నొక్కడానికి కష్టం కాబట్టి నొప్పి వచ్చిందనుకుంటున్నారేమో, నా ఉద్దేశంలో నొక్కడం కంటే నొక్కకుండా ఉండటమే మీ వేలిని దెబ్బతీసింది. ఒకసారి గమనించండి, మామూలు మౌస్ మీద బొటనవేలు హాయిగా పక్కకి ఆనుకుని ఉంటుంది. మీ మౌస్‌లో ఆనించే చోటంతా బటన్లే. ఆనిస్తే ఏదో ఒకటి నొక్కుకుపోయి లేయర్ కాస్తా మాయమైపోతుంది. అందుకని తెలియకుండానే వేలిని గాలిలో లేపి ఉంచుతారు, రోజుకి పది గంటలు. వేలిని అలా లేపి ఉంచే డ్యూటీ ఎవరిది? ఆ రెండు టెండన్లదే. పైగా వెనక వరసలో ఉన్న బటన్లు నొక్కాలంటే వేలిని లోపలికి బాగా మడవాలి. ఆటలు ఆడేవాళ్ల కోసం చేసిన వస్తువు అది, దాంతో రోజంతా ఆల్బమ్ పని అంటే వేలు ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది?

‘బటన్లు లేకుండా కుదరదు’ అన్నారు, ఒప్పుకుంటాను. కానీ అవన్నీ కుడిచేతి బొటనవేలి కిందే ఉండాలని ఎవరన్నారు? మౌస్‌ని కనిపెట్టిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో దాన్ని జనానికి చూపించినప్పుడు, ఆయన కుడిచేతిలో మూడు బటన్ల మౌస్ ఉంది, ఎడమచేతి కింద ఐదు మీటల చిన్న పెట్టె ఇంకోటి ఉంది. మౌస్ మన ఇళ్లకొచ్చింది, ఆ ఎడమచేతి పెట్టె రాలేదు. మీరు చేయాల్సింది ఇదే, కమాండ్లు ఎడమచేతికి ఇచ్చేయండి. ఫొటోషాప్‌లో స్పేస్ బార్ నొక్కి పట్టుకుంటే చెయ్యి గుర్తు వస్తుంది, ఆల్ట్ పట్టుకుని చక్రం తిప్పితే జూమ్, ఇవి మీకు నేను చెప్పాలా! రోజూ చేసే ఐదారు పనుల్ని యాక్షన్లుగా రికార్డ్ చేసి ఎఫ్2, ఎఫ్3 లాంటి కీలకి కట్టుకోండి. అదీ సరిపోదంటే మనకి నచ్చినట్టు కీలు మార్చుకునే చిన్న మాక్రోప్యాడ్లు దొరుకుతాయి, కీబోర్డుకి ఎడమ పక్కన పెట్టుకోవచ్చు.

కొత్త మౌస్ ఎలా ఉండాలంటే, మొత్తం ఐదారు బటన్లు చాలు. రెండు క్లిక్కులు, చక్రం, చక్రం వెనక ఒక చిన్న బటన్, పక్కన రెండు. ఆ పక్క రెండూ బొటనవేలు ఆనే చోటికి పైన ఉండాలి, కింద వేలు పడుకోవడానికి ఖాళీ చోటు ఉండాలి. అసలు చూడాల్సింది ఆ ఖాళీ చోటే, డబ్బా మీద రాసిన బటన్ల లెక్క కాదు. నొప్పి తగ్గేదాకా పక్క రెండింటికీ ఏ పనీ ఇవ్వకండి, చక్రం వెనక బటన్‌కి అన్‌డూ ఇచ్చుకోండి, చూపుడువేలు చూసుకుంటుంది. ఇలా పనులు మార్చుకునే సాఫ్ట్‌వేర్ ఆ మౌస్‌కి ఉందో లేదో కొనేముందే కనుక్కోండి, చవక మౌసుల్లో చాలావాటికి ఉండదు.

సైజు విషయంలో మొహమాటం వద్దు. వీలైతే షాపుకెళ్లి పట్టుకుని చూడండి, పట్టుకోవడమంటే ఊరికే చేత్తో తడిమి పెట్టేయడం కాదు, బల్ల మీద పెట్టి రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ జరిపి చూడాలి. అరచెయ్యి వెనక భాగం మౌస్ మీద ఆనాలి, వేళ్లు ముడుచుకోకూడదు, బొటనవేలూ చిటికెన వేలూ కలిసి మౌస్‌ని గిల్లి పట్టుకోవాల్సిన అవసరం రాకూడదు. చెయ్యి పెద్దదైనవాళ్లు ల్యాప్‌టాప్ బ్యాగులో వేసుకునే బుల్లి మౌస్‌తో రోజంతా పని చేస్తే గిల్లి పట్టుకోక తప్పదు. బరువు 100 గ్రాముల లోపు ఉంటే మేలు. బ్యాటరీతో నడిచేదైతే ఆ పెన్సిల్ సెల్ ఒక్కటే 20 గ్రాముల పైన ఉంటుంది, అదీ కలుపుకుని చూడండి.

నిలువు మౌస్ గురించి కూడా అడుగుతారని తెలుసు. షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు పట్టుకునేది. ముంజేయి మెలితిరగకుండా ఉంటుంది, మోచేయి నొప్పి ఉన్న కొందరికి బాగా పనికొచ్చింది. కానీ అది కార్పల్ టన్నెల్‌ని రాకుండా ఆపుతుందని గానీ, మీలాంటి నొప్పిని తగ్గిస్తుందని గానీ నేను హామీ ఇవ్వలేను. కొందరు దాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకుంటారు, అప్పుడు మొదటికే మోసం. పైగా జుట్టు అంచుల వెంట పెన్ టూల్‌తో కటింగ్ చేసే మీకు మొదటి రెండు వారాలు గీత ఒకచోట గీస్తే ఇంకోచోట పడుతుంది. బొటనవేలితో బంతి తిప్పే ట్రాక్‌బాల్ మాత్రం అసలు వద్దు.

మౌస్ కంటే మీ బల్ల మీద నాకు అనుమానం ఎక్కువ. మన ఇళ్లలో కంప్యూటర్ టేబుల్ అంటే కీబోర్డు కోసం కింద లాగుడు పలక ఉంటుంది, దాని మీద మౌస్‌కి చోటుండదు, మౌస్ పైన బల్ల మీద మానిటర్ పక్కన ఉంటుంది. ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి పైన, భుజం ఎగబెట్టి పది గంటలు. మీదీ అంతేనా? అయితే పలకని లోపలికి తోసేసి కీబోర్డు, మౌస్ రెండూ బల్ల మీదే పక్కపక్కన పెట్టండి. బల్ల ఎత్తు అనిపిస్తే కుర్చీలో దిండు వేసుకోండి, కాళ్లు నేలకి అందకపోతే కింద పీట. మోచేయి బల్ల ఎత్తుకి రావాలి, అంతే. మణికట్టు కింద పెట్టుకునే జెల్ ప్యాడ్ ఆగినప్పుడు ఆనించుకోవడానికే, దాని మీద మణికట్టు అదిమిపెట్టి మౌస్ తిప్పితే లేని కార్పల్ టన్నెల్‌ని పిలిచి తెచ్చుకున్నట్టవుతుంది.

వైద్యం సంగతికొస్తే, మూడు నాలుగు వారాలు ఆ వేలికి విశ్రాంతి కావాలి. మెడికల్ షాపులో మణికట్టు బెల్ట్ అని అడిగితే ఇచ్చేది మీకు పనికిరాదు, అందులో బొటనవేలు బయటే తిరుగుతుంటుంది. బొటనవేలిని కూడా కలిపి పట్టే థంబ్ స్పైకా స్ప్లింట్ అని అడగండి. స్నానానికి తీయొచ్చు, రోజుకి రెండుమూడు సార్లు తీసి వేలిని మెల్లిగా కదపొచ్చు. ఐస్ ముక్కలు గుడ్డలో చుట్టి 10 నిమిషాల చొప్పున పెట్టుకోండి, డైక్లోఫెనాక్ జెల్ పైపైన రాసుకోవచ్చు, రుద్దకూడదు. నొప్పి మాత్రలు మాత్రం సొంతంగా రోజుల తరబడి మింగకండి, అల్సర్, బీపీ, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లకి మరీ ప్రమాదం. వేడి నూనెతో మర్దనా చేయించి ‘నరం సరిచేయించడం’ కూడా వద్దు, వాచిన గొట్టాన్ని ఇంకా నలిపినట్టే.

ఈ మూడు నాలుగు వారాలూ ఎడమచేత్తో మౌస్ పట్టండి, రెండు వైపులకీ ఒకేలా ఉండే మామూలు మౌస్ సరిపోతుంది. మొదటి రెండు రోజులు చికాకుగా ఉంటుంది, ఆ తర్వాత ఫొటోలు ఎంచుకోవడం, పేజీలో అమర్చడం లాంటి పనులు బాగానే సాగుతాయి, సన్నటి కటింగ్ పనులు మాత్రం కాస్త ఆపండి. మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగినా ఆల్బమ్‌లు ఆగవని తెలుసు, అయినా ఆల్బమ్ ఇచ్చినవాళ్లని ఒక వారం గడువు అడిగితే పోయేదేం లేదు.

మూడు నాలుగు వారాలకీ తగ్గకపోతే ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆ గొట్టంలోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో చాలామందికి నొప్పి పోతుంది. ఇంజెక్షన్ చేసిన చోట చర్మం కొంచెం తెల్లబడటం, పలచబడటం కొందరిలో ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లకి కొన్నాళ్లు షుగర్ పెరుగుతుంది. దాంతో కూడా లొంగకపోతే చిన్న ఆపరేషన్, ఆ చోటు వరకే మత్తిచ్చి గొట్టం పైకప్పుని కోసి వదులు చేస్తారు. ఈలోగా ఆ చోట ఎర్రబడి వేడిగా వాచినా, జ్వరం వచ్చినా, వేళ్లు తిమ్మిరెక్కి చేతిలో వస్తువులు జారిపోతున్నా వారాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా వెంటనే చూపించుకోండి. వెళ్లేటప్పుడు ఆ 12 బటన్ల మౌస్ కూడా జేబులో వేసుకెళ్లండి, ఎలా పట్టుకుంటున్నారో బల్ల మీద పెట్టి చూపిస్తే డాక్టర్‌కి సగం ప్రశ్నలు అడిగే పని తప్పుతుంది.