పెద్దావిడ, పిల్లలతో వేసవిలో మనాలీ: రోహ్‌తాంగ్ కంటే ముందు తేల్చుకోవాల్సింది తేదీలు

మీరడిగినది క్లుప్తంగా: హైదరాబాద్ నుంచి భార్యాభర్తలు, ఆరేళ్లు, పదకొండేళ్ల పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అరవై ఎనిమిదేళ్ల అత్తగారు. చేతిలో ఆరు రాత్రులు. షిమ్లా, మనాలీ రెండూ చూడాలి, మనాలీ పైనున్న మంచు కనుమ రోహ్‌తాంగ్ తప్పకూడదు. ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి?

ముందు 'ఎప్పుడు' సంగతి చూద్దాం, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఏప్రిల్ ఆఖరి వారం నుంచి మే పదో తేదీ లోపు వెళ్లి వచ్చేయండి. మన బడులకు ఏప్రిల్ 24 దరిదాపుల్లోనే సెలవులిచ్చేస్తారు. ఢిల్లీ బడులకు మే రెండో వారం దాకా, పంజాబ్‌లో జూన్ దాకా సెలవులుండవు. ఈ రెండు వారాల తేడా మన తెలుగువాళ్లకు దొరికిన వరం, అయినా ఎక్కువమంది మే చివర్లోనే టికెట్లు కొంటారు. మే 20 దాటితే మనాలీ మాల్ రోడ్డు దగ్గర కారు కిలోమీటరు కదలడానికి ముప్పావుగంట పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. గది అద్దెలు కూడా అప్పుడే పెరుగుతాయి. పైగా మంచు విషయంలోనూ ముందు వెళ్లినవాళ్లకే లాభం. మే మొదట్లో రోడ్డు పక్కనే తెల్లటి మంచు దొరుకుతుంది. జూన్ సగానికి రోహ్‌తాంగ్ పైన కూడా మిగిలేది మట్టి పట్టిన గట్టి మంచే.

ముందు వెళ్తే నష్టం ఒకటుంది. రోహ్‌తాంగ్ కనుమ రోడ్డు మీద మంచు తొలగించి టూరిస్టులను పైదాకా వదలడం ఒక్కో ఏడాది మే నెల నడిమికి గానీ జరగదు. అది మీకు నష్టం కాదంటాను, ఎందుకో కింద చెప్తాను. జూలై, ఆగస్టు ఆలోచనే వద్దు. జూన్ చివరి వారానికి అక్కడ వానలు మొదలవుతాయి. 2023 జూలైలోనూ, 2025 ఆగస్టు చివర్లోనూ బియాస్ నది పొంగి కుల్లు-మనాలీ రోడ్డును చాలాచోట్ల కోసేసింది.

ఇక షిమ్లా తీసేయండి. షిమ్లా నుంచి మనాలీకి దాదాపు 250 కి.మీ., కొండ దారిలో ఎనిమిది గంటలు. ఆరు రాత్రుల్లో రెండూ పెడితే మీ పిల్లలు చూసేది కారు కిటికీ మాత్రమే. కల్కా-షిమ్లా చిన్న రైలు మీద మనసుంటే దానికి వేరే ట్రిప్ పెట్టుకోండి.

వెళ్లే దారి: విమానంలో చండీగఢ్, అక్కడి నుంచి టాక్సీ. కుల్లు దగ్గర భుంతర్‌లో ఎయిర్‌పోర్ట్ ఉంది గానీ దాని రన్‌వే పొడవు 1,100 మీటర్ల పైచిలుకే. చుట్టూ కొండలు, కాబట్టి చిన్న ఏటీఆర్ విమానాలే వస్తాయి, అవీ బరువు తగ్గించుకోవడానికి సీట్లన్నీ నింపవు. మబ్బు కమ్మినా గాలి ఎక్కువైనా రద్దవుతాయి. టికెట్ దొరికినా దాన్ని నమ్ముకుని తిరుగు ప్రయాణం పెట్టుకోకండి. ఢిల్లీ నుంచి రాత్రి వోల్వో బస్సు చవకే, కానీ 12 నుంచి 14 గంటలు, తెల్లవారుజామున మలుపులు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది శిక్ష.

చండీగఢ్ నుంచి మనాలీ దాదాపు 300 కి.మీ. కిరాత్‌పుర్ నుంచి నేర్‌చౌక్ దాకా నాలుగు వరసల రోడ్డు 2023లో తెరిచాక ఈ ప్రయాణం బాగా తేలికైంది. అయినా ఒక్క రోజులో లాగకండి. మొదటి రాత్రి మండీలోనో సుందర్‌నగర్‌లోనో పడుకోండి. దూరం ఒక్కటే కాదు కారణం. మండీ దాటాక పండోహ్ నుంచి ఔట్ దాకా లోయ ఇరుకు, పైనుంచి రాళ్లు పడే చోట్లున్నాయి. ఆ భాగాన్ని పగటి వెలుగులో దాటడం మంచిది. పొద్దున ఏడుకు మండీలో బయల్దేరితే మధ్యాహ్న భోజనానికి మనాలీలో ఉంటారు.

టాక్సీ మాట్లాడేటప్పుడు కిలోమీటరు రేటు అడగడం కంటే ఈ నాలుగూ విడివిడిగా అడగండి: టోల్, రాష్ట్ర ట్యాక్స్, డ్రైవర్ రాత్రి బత్తా, మనాలీలో లోకల్‌గా తిప్పడం. చివరిది ముఖ్యం. బయటి టాక్సీలను అక్కడి టాక్సీ యూనియన్ కొన్ని చోట్లకు తిప్పనివ్వదు. కాబట్టి చండీగఢ్ బండిని దింపడానికి, ఎక్కించుకోవడానికి మాత్రమే మాట్లాడి, మనాలీలో తిరగడానికి లోకల్ బండి తీసుకోవడమే చాలాసార్లు చవక.

కారు వాంతుల సంగతి ముందే చూసుకోవాలి. పిల్లలకు ఖాళీ కడుపూ వద్దు, పూరీలూ వద్దు. రెండు ఇడ్లీలో బ్రెడ్డో పెట్టండి. ఫోన్ ఇవ్వకండి, దూరంగా చూడమనండి. మాత్ర వేయాలంటే డాక్టర్‌ను మోతాదు అడిగి, బయల్దేరడానికి గంట ముందు వేయండి. మలుపుల్లోకి వచ్చాక వేస్తే అది వాంతితో పాటు బయటికొచ్చేస్తుంది.

బస. బుకింగ్ సైట్లలో 'మాల్ రోడ్డుకు ఒక కిలోమీటరు' అని ఉంటుంది, ఆ కిలోమీటరు నిటారుగా పైకే అని ఉండదు. ఫోన్ చేసి అడగండి: కారు గేటు దాకా వస్తుందా, గేటు నుంచి గదికి ఎన్ని మెట్లు, కింది అంతస్తులో గది ఇస్తారా, గీజర్ రోజంతా ఉంటుందా, రూమ్ హీటర్‌కు విడిగా తీసుకుంటారా, పార్కింగ్ లోపలేనా. ఓల్డ్ మనాలీ కుర్రాళ్లకు బాగుంటుంది, మీకు కాదు. ఇరుకు రోడ్డు, ఎక్కుడు. మీలాంటి కుటుంబానికి నేను చెప్పేది నది ఎడమ గట్టు: ఆలియో, ప్రీణీ వైపు, లేదా ఇంకా కిందికి నగ్గర్. ఏసీ కోసం డబ్బు పెట్టకండి, మే రాత్రుల్లో పది డిగ్రీల దగ్గర ఉంటుంది, రజాయే కావాలి.

ఎడమ గట్టు అంటే ఇదీ. కుల్లు నుంచి మనాలీకి నదికి రెండు వైపులా రోడ్లున్నాయి. కుడి గట్టున జాతీయ రహదారి, పత్లీకుహల్ మీదుగా. ఎడమ గట్టున నగ్గర్ మీదుగా సన్నటి రోడ్డు. హైవే స్తంభించినప్పుడు రెండోదే ఆదుకుంటుంది. డ్రైవర్ తనంతట తాను అటు తిప్పడు, మీరే చెప్పాలి.

ఇప్పుడు రోహ్‌తాంగ్. ఎత్తు 3,978 మీటర్లు. మనాలీ 2,050. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల లెక్కన పైన దాదాపు 12 డిగ్రీలు చలి ఎక్కువ, గాలి ఉంటే ఇంకా. మూడు గంటల్లో అంత ఎత్తుకు ఎక్కితే తలనొప్పి, వికారం మామూలే. బీపీ, గుండె సమస్యలున్న పెద్దవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా వెళ్లకూడదు. పర్మిట్ మనిషికి కాదు, బండికి. ఆన్‌లైన్‌లో తేదీ, బండి నంబరుతో తీసుకోవాలి. ఫీజు 500, రద్దీ రుసుము 50, మొత్తం 550 రూపాయలు. రోజుకు 1,200 బండ్లే: పెట్రోలువి 800, డీజిలువి 400. మంగళవారం రోడ్డు మరమ్మతులకు మూసేస్తారు, కాబట్టి మనాలీలో మీ ఒక్క ఖాళీ రోజు మంగళవారం అయితే పథకం మొత్తం పోయినట్టే. లోకల్ డ్రైవర్ 'పర్మిట్ నేను చూసుకుంటా' అంటే ముందురోజు రాత్రే ఫోటో పంపమనండి. తేదీ, బండి నంబరు రెండూ సరిపోవాలి. తేడా ఉంటే గులాబా చెక్‌పోస్టు దగ్గర వెనక్కి పంపుతారు, డబ్బు మాత్రం రాదు.

మీకు నా సలహా రోహ్‌తాంగ్ కాదు, కొండను తొలిచి వేసిన అటల్ టన్నెల్ దాటి సిస్సూ అనే ఊరు. మనాలీ నుంచి పల్చాన్ దగ్గర దారి చీలుతుంది. ఒకటి కోఠీ, గులాబా, మఢీ మీదుగా రోహ్‌తాంగ్ ఎక్కుతుంది, రెండోది సోలంగ్ మీదుగా టన్నెల్‌కు. 9.02 కి.మీ. టన్నెల్, 2020 అక్టోబర్ 3న ప్రారంభమైంది. పర్మిట్ అక్కర్లేదు. ఇటు దేవదారు పచ్చదనంలో దూరి, అటు లాహౌల్ లోయలో చెట్టు తక్కువ, రాయి ఎక్కువ ఉన్న మరో లోకంలో తేలతారు. పిల్లలకు ఆ మార్పే పెద్ద వినోదం. టన్నెల్ కొన దాదాపు 3,070 మీటర్లు, సిస్సూ 3,100 పైచిలుకు. అంటే రోహ్‌తాంగ్ కంటే ఎనిమిది వందల మీటర్లకు పైగా తక్కువ, పెద్దావిడకు ఆ తేడా తెలుస్తుంది. మే మొదట్లో మంచు కావాలంటే టన్నెల్ దాటాక కుడివైపు కోక్సర్ వైపు వెళ్లండి, ఎడమవైపు సిస్సూ. ముందు మంచు, తర్వాత సిస్సూలో భోజనం.

ఈ రోజుకు బయల్దేరే సమయమే ప్రాణం: ఉదయం ఆరున్నరకు కారు కదలాలి, టిఫిన్ పొట్లం కట్టించుకోండి. తొమ్మిదికి బయల్దేరినవాళ్లు సోలంగ్ మలుపులోనే మధ్యాహ్నం చూస్తారు. తిరుగు ప్రయాణం ఒంటిగంటకు. టన్నెల్ లోపల ఫోటోల కోసం ఆపితే జరిమానా. దారిలో కోట్లు, గమ్‌బూట్లు అద్దెకిచ్చే కొట్ల ముందు డ్రైవర్ ఆపుతాడు, అందులో అతనికి వాటా ఉంటుంది. మంచులో దొర్లే పిల్లలకు బూట్లు తీసుకోండి, కోటు మాత్రం మీ జాకెట్ చాలు. చలువ కళ్లద్దాలు అందరికీ ఉండాలి, మంచు మీద ఎండ కళ్లకు మంట పెడుతుంది.

మిగతా రోజులు తేలిక. ఒక రోజు హడింబా గుడి, 1553లో కట్టిన చెక్క గుడి, చుట్టూ దేవదారు చెట్లు. తొమ్మిది లోపు వెళ్తే వరస ఉండదు. మధ్యాహ్నం వశిష్ఠ్‌లో వేడి నీటి గుండం, ఆడవాళ్లకు మగవాళ్లకు వేరువేరుగా. అత్తగారి మోకాళ్లకు ఇదే బాగా నచ్చుతుంది, కానీ నీళ్లు బాగా వేడి, పది నిమిషాలకు మించి వద్దు. లేచేటప్పుడు కళ్లు తిరుగుతాయి, పక్కన మనిషుండాలి. అదే సమయంలో పదకొండేళ్ల పిల్లతోనో పిల్లాడితోనో ఒకరు జోగిణీ జలపాతానికి నడిచి రావచ్చు. ఇంకో రోజు నగ్గర్: పాత రాతి-చెక్క కోట, కొంచెం పైన రష్యన్ చిత్రకారుడు నికొలాస్ రోరిక్ ఉన్న ఇల్లు, ఆయన గీసిన బొమ్మలు. రెండింటి దాకా కారు వెళ్తుంది.

పారాగ్లైడింగ్ మీద మోజుంటే పెద్దవాళ్లు మాత్రమే, అదీ ఉదయం. మధ్యాహ్నానికి లోయలో గాలి చెలరేగుతుంది. పైలట్‌కు టూరిజం శాఖ లైసెన్సు ఉందా అని కార్డు చూపించమనండి, చూపించడానికి విసుక్కునేవాడితో ఎగరకండి.

నది గురించి ఒక్క మాట, ఇది సలహా కాదు, హెచ్చరిక. బియాస్‌లోకి దిగకండి, నడిమి బండరాళ్ల మీద ఫోటోలు వద్దు. 2014 జూన్ 8న థలౌట్ దగ్గర హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది అలా రాళ్ల మీద ఉండగానే, పైన లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీరు వచ్చి వాళ్లను ఈడ్చుకుపోయింది, ఎవరూ బతకలేదు. మోకాలి లోతు నీరు నిమిషాల్లో మనిషిని ముంచుతుంది. డ్యామ్ లేని చోట కూడా మధ్యాహ్నం మంచు కరిగి నీటిమట్టం పెరుగుతుంది. హైవే పక్క ధాబాలు సరిగ్గా ఇలాంటి చోట్లే ఉంటాయి, పిల్లల చెయ్యి వదలకండి.

తిండి: రాజ్మా-చావల్ ప్రతిచోటా ఉంటుంది, ఆవకాయ తోడుంటే ఇల్లు గుర్తురాదు. సిడ్డూ అని ఆవిరి మీద ఉడికిన రొట్టె, లోపల అక్రోటు ముద్ద, పైన నెయ్యి, అది తప్పక తినండి. రైస్ కుక్కర్ మోసుకెళ్లకండి. గదుల్లో వండనివ్వరు. పైగా ఆ ఎత్తులో నీరు దాదాపు 93 డిగ్రీలకే మరుగుతుంది, ప్రెషర్ లేకపోతే అన్నం పలుకుగానే ఉంటుంది. శాలువా కొనాలంటే డ్రైవర్ తీసుకెళ్లిన కొట్లో కాకుండా భుట్టికో సహకార సంఘం దుకాణంలో కొనండి, ధర రాసే ఉంటుంది. రోడ్డు మీద అమ్మే కుంకుమపువ్వు మాత్రం వద్దు.

రాత్రుల లెక్క: మండీ ఒకటి, మనాలీ నాలుగు, ఆఖరిది చండీగఢ్. ఆ ఆఖరి రాత్రిని మనాలీకి మార్చాలని ఇంట్లో ఒత్తిడి వస్తుంది, ఒప్పుకోకండి. పండోహ్ దగ్గర ఒక్క రాయి జారి పడితే దారి నాలుగు గంటలు ఆగుతుంది, విమానం ఆగదు. ఆ రోజు ఉదయం ఆరుకల్లా మనాలీ వదలండి, బిల్లు ముందురోజు రాత్రే కట్టేయండి. పొద్దున ఆ వేళకు కౌంటర్లో ఎవరూ ఉండరు.