అట్ట లోపలి డాలు బొమ్మ

ప్రశ్న: ఆబిడ్స్‌లో ఆదివారం పరిచే పాత పుస్తకాల్లో నేను కొన్న శస్త్రచికిత్స గ్రంథం అట్ట లోపల, డాలు, దానిపై పాము చుట్టుకున్న కర్ర, కింద ఒక ఆంగ్లేయుడి పేరు అచ్చువేసిన చీటీ ఉంది. ఇది వైద్యకళాశాల ముద్రేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పేరు వ్యక్తిది కాబట్టి అది పుస్తకం సొంతదారు చీటీ అనుకోవడమే సబబు. దీన్ని బుక్‌ప్లేట్ అంటారు. 15వ శతాబ్దిలో జర్మనీలో మొదలైన ఈ అలవాటు తరువాత ఐరోపా అంతటా పాకింది. డాలు మీది గుర్తులు సాధారణంగా వంశానివి గనుక, చాలామంది వైద్యుల చీటీల మీద సింహాలు, శిలువలే తప్ప వైద్యం ఊసే కనిపించదు. ఆ లెక్కన మీ చీటీ ప్రత్యేకమైనదే. కర్రకు ఒకే పాము ఉంటే అది గ్రీకుల వైద్యదేవత ఆస్క్లేపియస్‌ది. రెండు పాములు, రెక్కలు ఉన్నది గ్రీకు దేవతల వార్తాహరుడు హెర్మిస్ దండం. 1902లో అమెరికా సైనిక వైద్యదళం దాన్ని స్వీకరించాక ఈ రెంటినీ కలగలపడం మరీ పెరిగింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌కు 1546లో లభించిన చిహ్నం: మబ్బుల్లోంచి దిగిన చెయ్యి మరొక చేతి నాడిని పట్టి చూస్తుంటుంది, కింద బంగారు రంగు దానిమ్మపండు. నాడి చూసే వైద్యులను ఎరిగిన మనకు ఆ బొమ్మను ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఒక్క మనవి: చీటీని తడిపి ఊడదీయకండి. ఆ పుస్తకం ఎవరి చేతుల్లో మెలిగిందో చెప్పే సాక్ష్యం అదే.