మేనకోడలికి ఒక జవాబు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

చేతికి వచ్చిన ప్రైవేటు ఉద్యోగంలో చేరాలా, లేక హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని ఇంకో ఏడాది తెలంగాణ గ్రూప్-1 ఉద్యోగాల పరీక్షకు చదవాలా అని అడిగావు. ఆ ప్రశ్నలో నాకు గుచ్చుకున్న మాట "ఏడాది". 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు వచ్చిన నోటిఫికేషన్‌ను నమ్ముకుని చదివినవారు ఆ అక్టోబరు 16న తొలి దశ పరీక్ష అయిన ప్రిలిమ్స్ రాస్తే, ప్రశ్నపత్రాల లీకేజీ కారణంగా 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్ళీ రాసినదాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ వచ్చి, జూన్ 9న మూడోసారి రాయవలసి వచ్చింది. అందువల్ల ఏళ్ళ లెక్క మానుకుని, గది అద్దె, మెస్ ఖర్చు, టెస్ట్ సిరీస్ ఫీజు పోగా నీ దగ్గరున్న డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుందో లెక్కించు. మీ నాన్న పంట డబ్బును అందులో కలపవద్దు; దానికి వానల భయం వేరే ఉంది.

నా అభిప్రాయం అడిగావు కనుక చెబుతున్నాను: ఉద్యోగంలో చేరు. చేరిన ఉద్యోగాన్ని తర్వాత మానుకోవచ్చు గానీ, కాదన్న ఆఫర్ మళ్ళీ రావడం కష్టం. 150 ప్రశ్నల ప్రిలిమ్స్‌కు తెల్లవారుజామున రెండు గంటలు, సెలవు రోజులు కేటాయించి సిద్ధం కావడం సాధ్యమే. అది దాటాక రాసే మెయిన్స్ సంగతి వేరు; అక్కడ పేజీలకు పేజీలు చేత్తో రాయాలి, ఆ సాధనకు పూర్తి సమయం కావాలి. 2024లో ప్రిలిమ్స్ ఫలితాలకూ మెయిన్స్‌కూ మధ్య మూడు నెలలకు కొంచెం పైగా వ్యవధి దొరికింది. రాజీనామా ఇచ్చాక కూడా పనిచేయాల్సిన నోటీస్ పీరియడ్ నీ ఆఫర్ లెటర్‌లో మూడు నెలలని ఉంటే ఆ వ్యవధి అంతా ఆఫీసులోనే గడిచిపోతుంది కాబట్టి, డబ్బు కట్టి ముందుగా బయటపడే వీలుందో లేదో సంతకానికి ముందే అడుగు.

నీ వయసులో నేను గుమాస్తా పని వదిలి ఒక పరీక్షకు కూర్చున్నాను. ఆ నియామకాలు కోర్టులో చిక్కుకుని నాలుగేళ్ళు సాగాయి. డబ్బు అయిపోవడం కంటే, ఎప్పుడు ఆపాలో ముందుగా అనుకోకుండా దిగడమే నన్ను దెబ్బ తీసింది. దసరాకు "సంక్రాంతి దాకా చూద్దాం" అనుకునేవాణ్ణి, సంక్రాంతికి ఉగాది అనుకునేవాణ్ణి. 2024లో గరిష్ఠ వయసు 46కు పెంచారని నీ స్నేహితులు ధైర్యం చెబుతున్నారట. పెంచిన మాట నిజమే గానీ, అంతవరకు ఎదురుచూడాలని ఎవరూ నిన్ను అడగలేదు.

ఎన్ని ప్రయత్నాలు చేస్తావో, ఏ తేదీన ఆపుతావో కాగితం మీద రాసి మీ అమ్మకు ఇవ్వు. నాకు మాత్రం ఇవ్వవద్దు. నువ్వు ఫోన్‌లో ఏడిస్తే ఆ తేదీ నేనే దిద్దేస్తాను. ఆఫర్ లెటర్ నకలు మాత్రం ఈ వారంలోనే పంపు, నోటీసు షరతు నేనూ చదువుతాను.

ఇట్లు,
మీ మామయ్య