టెక్సస్‌లో ఇన్సూరెన్స్ లైసెన్స్: పరీక్ష కన్నా తర్వాతి తంతే ఎక్కువ

"డాలస్‌లో హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) మీద ఉన్నాను, ఇన్సూరెన్స్ అమ్మే లైసెన్స్ తీసుకుందామనుకుంటున్నాను, కష్టమా?" అని మీరు అడిగారు. నేను ఆరేళ్ళుగా ఇక్కడ ఇదే పనిలో ఉన్నాను. పరీక్షకి భయపడక్కర్లేదు. అసలు తలనొప్పులు ఆ తర్వాతే మొదలవుతాయి.

ముందు ఒక సంగతి. ఇండియాలో బీమా వ్యవహారాలన్నీ చూసే ఐఆర్‌డీఏఐ లాగా ఇక్కడ దేశమంతటికీ ఒకే లైసెన్స్ ఉండదు. 1945 నాటి మెకారన్-ఫెర్గూసన్ చట్టం ఇన్సూరెన్స్ వ్యవహారాన్ని రాష్ట్రాలకే వదిలేసింది. మనకి టెక్సస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్, అదే టీడీఐ, చెప్పిందే వేదం. లైఫ్, హెల్త్ కలిపి ఒక లైసెన్స్. ఇళ్ళకీ కార్లకీ ప్రాపర్టీ-క్యాజువాల్టీ అని ఇంకొకటి. నేను మొదటిది తీసుకున్నాను.

పరీక్ష పియర్సన్ వీయూఈ అనే పరీక్షల సంస్థ ద్వారా రాయాలి. ముందు ఫలానా క్లాసులకి వెళ్ళి తీరాలన్న రూలు టెక్సస్‌లో లేదు, పుస్తకం కొనుక్కుని చదువుకోవచ్చు. 70 వస్తే పాస్. రిజిస్టర్ చేసేటప్పుడు మాత్రం పేరు జాగ్రత్త. నా డ్రైవింగ్ లైసెన్స్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉంది, నేనేమో అలవాటుగా మావారి ఇంటిపేరు కొట్టేశాను. పరీక్ష రోజు కౌంటర్ దగ్గరావిడ కార్డు వంకా స్క్రీన్ వంకా రెండుసార్లు చూసి, కుదరదని పంపేసింది. కట్టిన ఫీజు గోవిందా. తప్పు నాదే.

పేరు సరిచేసుకుని వెళ్తే 66 వచ్చింది. లెక్కలు కాదు, ట్విస్టింగ్, చర్నింగ్, రిబేటింగ్ లాంటి మాటల దగ్గర బోల్తా పడ్డాను. ట్విస్టింగ్ అంటే మాయమాటలు చెప్పి ఉన్న పాలసీ మాన్పించి కొత్తది అంటగట్టడం. అదే పని ఒకే కంపెనీ పాలసీలతో కమీషన్ కోసం చేస్తే చర్నింగ్. రిబేటింగ్ అంటే పాలసీ కొనిపించడానికి కస్టమర్‌కి డబ్బు వెనక్కివ్వడం. రిబేటింగ్ గురించి మీకు పుస్తకం కన్నా మనవాళ్ళే బాగా నేర్పిస్తారు. "మొదటి ప్రీమియం మీరే కట్టేస్తారుగా, మా ఊళ్ళో ఏజెంటు బాబాయ్ కట్టేవాడు" అని అడగని తెలుగు కస్టమర్ నాకింకా తగల్లేదు! కట్టకూడదు. నిజానికి ఇండియాలో కూడా 1938 ఇన్సూరెన్స్ చట్టం 41వ సెక్షన్ ప్రకారం అది నేరమే, బాబాయ్ పట్టించుకోలేదంతే.

పాసయ్యాక ఏడాదిలోపు అప్లై చేయాలి. 50 డాలర్ల ఫీజు, వేలిముద్రలు, అంతే. లైసెన్స్ చేతికొచ్చినా ఏదో ఒక కంపెనీ మిమ్మల్ని అపాయింట్ చేస్తేనే వాళ్ళ పాలసీ అమ్మగలరు. ఇక్కడే గుళ్ళో పరిచయమైన వాళ్ళు "ఫైనాన్షియల్ ఆపర్చునిటీ" అంటూ దిగుతారు. నేనూ అలాగే ఒక సంస్థలో చేరాను. ఆరు నెలల్లో నేర్పిందంతా నా ఫోన్‌లో ఉన్న పేర్ల జాబితా రాయించడమే. ఎంతమందిని చేర్పించారని కాక ఏ పాలసీ ఎవరికి పనికొస్తుందని మాట్లాడేవాళ్ళ దగ్గర చేరండి.

ఇక నిలబెట్టుకోవడం. లైసెన్స్ రెండేళ్ళకే. ఆలోపు 24 గంటల కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ చేయాలి, అందులో 3 గంటలు ఎథిక్స్. చాలామంది చూడని మెలిక ఏమిటంటే, కనీసం సగం గంటలు క్లాస్‌రూమ్‌వో, దానికి సమానమని గుర్తింపు ఉన్న కోర్సులవో అయి ఉండాలి. రెండో రెన్యూవల్‌కి ముందు అమ్మ ఆపరేషన్ కోసం గుంటూరు వెళ్ళి రెండు నెలలు ఉండిపోయాను. తిరిగొచ్చి రాత్రుళ్ళు కూర్చుని 24 గంటలూ లాగించేశాననుకున్నాను. తీరా చూస్తే 16 గంటలు సెల్ఫ్-స్టడీ, 8 మాత్రమే క్లాస్‌రూమ్ కింద లెక్క. నాలుగు గంటలు తక్కువ. గంటకి 50 చొప్పున 200 డాలర్ల ఫైను కట్టి, ఆ నాలుగు గంటలూ మళ్ళీ చేశాను. కాబట్టి కోర్సు కొనేముందు పేరు పక్కన ఏ రకమో చూసి కొనండి.

తేదీ దాటినా 90 రోజుల్లోపైతే సగం ఫీజు అదనంగా కట్టి రెన్యూ చేసుకోవచ్చు. అదీ దాటితే కొత్తగా అప్లై చేయాలి. ఏడాది దాటిందా, మళ్ళీ పరీక్షే. లైసెన్స్ లేని ఆ మధ్య కాలంలో అమ్మడం కుదరదు.

మీవారు హెచ్1బీ మీద ఉండి "సాయంత్రాలు నేనూ చేస్తా" అంటే వద్దనండి. పరీక్ష రాయొచ్చేమో గానీ కమీషన్ కోసం పని చేస్తే వీసాకే ఎసరు. మీ ఈఏడీకి గడువు అయిపోతే మీరూ అంతే, కొత్తది వచ్చేదాకా ఆగాల్సిందే.

న్యూజెర్సీలో ఉన్న అక్కకి పాలసీ ఇవ్వాలనుకుంటే టెక్సస్ లైసెన్స్ చాలదు, అక్కడ నాన్-రెసిడెంట్ లైసెన్స్ తీసుకోవాలి. మళ్ళీ పరీక్ష ఉండదు, ఏజెంట్ల లైసెన్స్ అప్లికేషన్లు తీసుకునే ఎన్ఐపీఆర్ సైట్‌లో ఫీజు కట్టి అప్లై చేస్తే సరిపోతుంది. నేనైతే ఇల్లు కదలకుండా ఒక్క మధ్యాహ్నంలో మూడు రాష్ట్రాలకి పెట్టేశాను.