మూడు లక్షల జనాభా ఉన్న దేశం మాటను ప్రపంచం ఎందుకు వింటుంది?

సైన్యం లేదు, డబ్బు అంతంత మాత్రం, అలాంటి చిన్న దేశాల ప్రభుత్వాలు బయట తమ పని ఎలా జరిపించుకుంటాయి అని అడిగారు. కోచింగ్ మెటీరియల్‌లో సాఫ్ట్ పవర్, అంటే బలం వాడకుండా ఒప్పించే శక్తి, అని ఒక పేరా రాసి వదిలేస్తారు కాబట్టి, నేను కళ్లారా చూసిన దానితో మొదలుపెడతాను.

2012 అక్టోబర్‌లో మన హైదరాబాద్‌లో ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య సదస్సు, అంటే సభ్య దేశాల 11వ సమావేశం (కాప్-11), హెచ్‌ఐసీసీ అనే కన్వెన్షన్ సెంటర్‌లో జరిగింది. గచ్చిబౌలి దగ్గర బయోడైవర్సిటీ పార్క్ అప్పుడు వచ్చిందే. నేను అక్కడ డాక్యుమెంట్లు ఇచ్చే కౌంటర్‌లో తాత్కాలికంగా పనిచేశాను. పెద్ద దేశాల వాళ్లు గుంపులుగా దిగితే, ఒక పసిఫిక్ దీవి నుంచి వచ్చింది ఇద్దరే. అక్కడేమో రెండు వర్కింగ్ గ్రూపులు ఒకే టైమ్‌లో నడుస్తాయి, చీకటి పడ్డాక వాటిలోంచి ఇంకా చిన్న చిన్న గ్రూపులు పుట్టుకొస్తాయి, మీరు ఒక గదిలో కూర్చుంటే పక్క గదిలో మీకు కావాల్సిన వాక్యం ఎగిరిపోవచ్చు. ఆ ఇద్దరిలో ఒకావిడ కొత్త డ్రాఫ్ట్ రాగానే మా కౌంటర్ దగ్గరే నిలబడి పెన్నుతో గీతలు గీసుకునేవారు. ఇంకా ఒప్పుకోలు కుదరని మాటలు చదరపు బ్రాకెట్లలో ఉంటాయి, ఆవిడ చూసేది అవే. తర్వాత ఇంకొన్ని దీవుల వాళ్ల కోసం కూడా కాపీలు పట్టుకెళ్లేవారు. నువ్వు ఈ గది, నేను ఆ గది అని పంచుకుని, ఎవరు ఉంటే వాళ్లు అందరి తరఫునా మాట్లాడతారని ఆవిడే చెప్పారు.

అసలు కిటుకు అదే. ఐరాసలో 193 సభ్య దేశాలు, జనరల్ అసెంబ్లీలో చైనాకి ఒక ఓటు, తువాలు అనే బుల్లి పసిఫిక్ దేశానికీ ఒక ఓటే. ఆ ఓట్లని కట్టగా కట్టినప్పుడే బలం. సముద్రమట్టం పెరిగితే మునిగిపోయే దీవులు 1990లో అయోసిస్, అంటే చిన్న దీవి దేశాల కూటమి, కట్టాయి. దాని మొదటి అధ్యక్షుడు రాబర్ట్ వాన్ లిరోప్ అమెరికన్ లాయర్, ఐరాసలో వనువాటు అనే పసిఫిక్ దీవి దేశానికి రాయబారి. సొంత మనుషులు సరిపోకపోతే బయట నుంచి మంచి లాయర్‌ని పెట్టుకుంటారు, అందులో నామోషీ ఏమీ లేదు.

2015 పారిస్ వాతావరణ ఒప్పందంలో భూమి వేడి పెరుగుదలని 1.5 డిగ్రీల దగ్గర ఆపాలన్న మాట ఉందంటే అది ఈ దీవుల చలవే. రెండు డిగ్రీలు చాలని చాలామంది అన్నప్పుడు పసిఫిక్ దీవి దేశం మార్షల్ ఐలాండ్స్ మంత్రి టోనీ డి బ్రమ్ యూరప్‌నీ అమెరికానీ కూడా కలుపుకుని ఒక కూటమి నడిపించాడు. అప్పటికే వాళ్లు ఏళ్ల తరబడి అదే ఒక్క అంకె పట్టుకుని కూర్చున్నారు. అన్ని విషయాల మీదా మాట్లాడే స్తోమత చిన్న దేశానికి ఉండదు, తనకి చావుబతుకుల విషయం ఏదో అది ఎంచుకుని వదలకుండా పట్టుకోవాలి.

నాకు మరీ ఇష్టమైన ఉదాహరణ వనువాటుదే. 2019లో పసిఫిక్ దీవుల న్యాయశాస్త్ర విద్యార్థులు కొందరు వాతావరణ మార్పు మీద అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం అడగాలన్నారు. జనాభా సుమారు మూడు లక్షలున్న ఆ దేశ ప్రభుత్వం దాన్ని నెత్తిన పెట్టుకుంది, 130కి పైగా దేశాల మద్దతు కూడగట్టి 2023 మార్చిలో జనరల్ అసెంబ్లీలో తీర్మానం నెగ్గించింది. 2025 జూలై 23న కోర్టు ఏకగ్రీవంగా, వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టపరమైన బాధ్యత అని తేల్చి చెప్పింది. ఎవరూ పాటించి తీరాలని లేని సలహా అభిప్రాయమే, నిజమే, కానీ రేపు ఏ కోర్టులో కేసు వేసినా లాయర్ల చేతిలో ఆ కాగితం ఉంటుంది. ఇది చదివిన రోజు నాకు నిజంగా ఒళ్లు పులకరించింది.

సింగపూర్ ఇంకో రకం. ఓడలు తిరిగితేనే దాని బతుకు, అందుకే సముద్ర చట్టం రాసే సదస్సుకి చివరి దశలో వాళ్ల రాయబారి టామీ కో అధ్యక్షుడయ్యాడు, 1982లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 1992లో ఐరాసలో చిన్న దేశాల వేదిక పెట్టిందీ సింగపూరే.

చైనాని గుర్తించాలా, తైవాన్‌నా అని ఆ గుర్తింపుని బేరం పెట్టే దారి కూడా ఉంది. పసిఫిక్ దీవి దేశం నౌరు 2002లో తైవాన్‌ని వదిలి చైనా వైపు, 2005లో మళ్లీ తైవాన్ వైపు, 2024 జనవరిలో మళ్లీ చైనా వైపు వెళ్లింది. ఆ పూటకి సాయం దొరుకుతుందేమో కానీ, మాటకి విలువ పోతుందని నా అభిప్రాయం.

ఎగ్జామ్ కోసమైతే పారిస్ ఒప్పందం రెండో ఆర్టికల్ ఒకసారి చదవండి, చిన్నదే. ఆ 1.5 అక్కడ ఎంత జాగ్రత్తగా రాసి ఉందో మీకే తెలుస్తుంది.